సత్యాన్వేషణే సాధనగా పండిత రమాబాయి

జ్ఞానాన్వేషణకూ దైవవిశ్వాసానికీ పొత్తు కుదరదని భావించేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ప్రశ్నించేవారిలో భక్తి నిలవదని కొందరు, భక్తులకు ప్రశ్నించే ధైర్యం ఉండదని మరికొందరు అంటారు. ఈ రెండు అభిప్రాయాలకూ తన జీవితాన్నే సమాధానంగా నిలిపిన మహిళ పండిత రమాబాయి. కన్నడ నేలపై పుట్టి, తిరుపతి పరిసరాలలో తండ్రిని కోల్పోయి, కలకత్తాలో పాండిత్య బిరుదులు అందుకుని, ఇంగ్లండులో బాప్తిస్మం పొంది, మహారాష్ట్రలో వేలాది అనాథ స్త్రీలకు నీడనిచ్చిన ఆమె ప్రస్థానం అడుగడుగునా పరీక్షలతో నిండినది. ఎవరో చెప్పినంత మాత్రాన దేనినీ ఆమె అంగీకరించలేదు. తాను అంగీకరించిన సత్యానికి మూల్యం చెల్లించడానికి ఏనాడూ వెనుదీయలేదు.

అడవిలో సాగిన విద్య

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగమూల అరణ్యంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. పుణెలో విద్యార్థిగా ఉన్న రోజులలో పీష్వా భార్య సంస్కృతం అభ్యసించడం చూసి, తన భార్యకు కూడా ఆ విద్య నేర్పాలని ఆయన సంకల్పించారు. స్త్రీలకు దేవభాష నేర్పడం ధర్మవిరుద్ధమని బంధువులు, పండితులు ఆక్షేపించారు. ఉడుపిలో మతాచార్యుల ఎదుట సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆయన శాస్త్రగ్రంథాలనుంచే ప్రమాణాలు చూపి తన పక్షాన్ని సమర్థించుకున్నారు. ఆపైన ఊరి గొడవలకు దూరంగా అడవిలో ఆశ్రమం నిర్మించుకుని భార్య లక్ష్మీబాయికి సంస్కృతం బోధించారు.

ఆ తల్లి వద్దనే రమాబాయి విద్యాభ్యాసం సాగింది. తెల్లవారుజామున ఇంటిపనులు మొదలుకాకముందే తల్లి బిడ్డను లేపి పాఠం చెప్పేవారు. అతిథి సత్కారాలతో, దానాలతో ఆస్తి హరించుకుపోగా కుటుంబం తీర్థయాత్రలకు బయలుదేరింది. గుడి మండపాలలో, నదీతీరాలలో పురాణ ప్రవచనం చేయడమే వారి జీవనోపాధి అయింది. యౌవనంలో అడుగుపెట్టేనాటికే రమాబాయికి భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు కంఠస్థమయ్యాయి.

కరువు మిగిల్చిన ప్రశ్న

1870 దశకంలో దక్షిణాదిని పీడించిన కరువు ఆ కుటుంబాన్ని కబళించింది. చేతిలో మిగిలిన కాస్త సొమ్మునూ పుణ్యకార్యాలకు వెచ్చించి, తిరుపతి పరిసరాల అడవులలో ఆకులు అలములు తిని రోజులు గడిపారు. కూలిపని చేయడం కులగౌరవానికి భంగమని భావించిన కుటుంబం అది. ఉపవాసాలతో కృశించి, చూపు కోల్పోయిన అనంతశాస్త్రి 1874లో కన్నుమూశారు. కొద్ది వారాలకే తల్లి, ఆ తరువాత అక్క కృష్ణాబాయి మరణించారు. తల్లి పాడె మోయడానికి చాలినంతమంది దొరకక రమాబాయి స్వయంగా భుజం పట్టవలసి వచ్చింది. ఎత్తు చాలకపోవడంతో ఆ భారాన్ని ఆమె తలపైనే మోశారు.

మిగిలిన అన్న శ్రీనివాసశాస్త్రితో కలిసి ఆమె దేశమంతా కాలినడకన తిరిగారు. జీవితాంతం నిష్ఠగా ఆచరించిన వ్రతాలు, చేసిన దానాలు తమవారిని ఎందుకు కాపాడలేకపోయాయన్న ప్రశ్న ఆమెను వదలలేదు. దారి పొడవునా కనిపించిన బాలవితంతువుల దుఃఖం ఆ ప్రశ్నకు మరింత పదును పెట్టింది. తన ఇంటి కష్టం ఎందరో స్త్రీల కష్టంలో ఒక భాగం మాత్రమేనని ఆమె గ్రహించారు.

కలకత్తా సన్మానం, సిల్చార్ ఏకాంతం

1878లో అన్నాచెల్లెళ్లు కలకత్తా చేరారు. ఇరవయ్యేళ్ల యువతి సంస్కృతంలో అనర్గళంగా ప్రసంగించడం చూసి అక్కడి పండితులు ఆశ్చర్యపడి, పరీక్షించి, పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆమెకు వేదగ్రంథాన్ని ఇచ్చి చదవమని ప్రోత్సహించారు. స్త్రీకి వేదాధికారం లేదని బాల్యంనుంచీ విన్న ఆమెకు ఆ కానుక కొత్త ద్వారం తెరిచింది. ఆ కాలంలోనే ధర్మశాస్త్రాలను లోతుగా చదివారు. అనేక విషయాలలో పరస్పరం విభేదించే ఆ గ్రంథాలు, స్త్రీని తక్కువచేసి చెప్పడంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయని ఆమెకు తోచింది. కలకత్తాలోని క్రైస్తవులు ఆమెకు సంస్కృత బైబిలు ఇచ్చారు. దాని శైలి అపరిచితంగా ఉండటంతో అప్పటికి అది ఆమెను ఆకర్షించలేదు.

1880లో అన్న కూడా మరణించాడు. అదే ఏడు ఆమె బ్రాహ్మణేతరుడైన న్యాయవాది బిపిన్ బిహారీ దాస్ మేధావిని సివిల్ వివాహం చేసుకున్నారు. అస్సాంలోని సిల్చార్‌లో కాపురం. 1881లో కుమార్తె మనోరమ జన్మించింది. ఆ ఇంటిలోనే బెంగాలీ భాషలోని లూకా సువార్త ఆమె కంటబడింది. ఆసక్తి కలిగి ఒక మిషనరీ వద్ద మరిన్ని విషయాలు తెలుసుకోసాగారు. భార్య క్రైస్తవ మతంవైపు మొగ్గడం భర్తకు ఇష్టం లేకపోయింది. 1882 ఫిబ్రవరిలో ఆయన కలరాతో మరణించారు. ఇరవైమూడేళ్ల వయసులో చంకలో పసిబిడ్డతో రమాబాయి వితంతువయ్యారు.

విశ్వాసంలోనూ విమర్శ

ఆమె పుణె చేరి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. స్త్రీధర్మనీతి అనే మరాఠీ గ్రంథాన్ని రచించారు. 1882లో హంటర్ విద్యా కమిషన్ ఎదుట సాక్ష్యమిస్తూ మహిళా ఉపాధ్యాయులు, మహిళా వైద్యులు దేశానికి అత్యవసరమని వాదించారు. వైద్యవిద్య అభ్యసించాలని 1883లో ఇంగ్లండు వెళ్లారు. వినికిడి లోపం ఆ ఆశకు అడ్డుపడింది.

వాంటేజ్ పట్టణంలోని ఆంగ్లికన్ సన్యాసినుల ఆశ్రయంలో ఉండగా, లండన్‌లోని ఫుల్హామ్‌లో ఆ సోదరీమణులు నడిపే ఒక గృహాన్ని ఆమె దర్శించారు. సమాజం పతితలని ముద్రవేసిన స్త్రీలను అక్కడ ప్రేమతో ఆదరించడం ఆమెను కదిలించింది. ఈ దయకు మూలమేమిటని విచారించినప్పుడు, యోహాను సువార్తలో క్రీస్తు సమరయ స్త్రీతో సంభాషించిన ఘట్టాన్ని వారు చూపారు. తాను చదివిన శాస్త్రాలలో దొరకనిది ఆమెకు ఆ ఘట్టంలో దొరికింది. పూర్వం మహారాష్ట్ర పండితుడై క్రైస్తవుడైన నీలకంఠ గోరే రచన ఆమె బుద్ధికి గల సందేహాలను తీర్చింది. 1883 సెప్టెంబరు 29న కుమార్తెతో సహా బాప్తిస్మం పొందారు.

అయితే బాప్తిస్మంతో ఆమె విచారణ ఆగిపోలేదు. త్రిత్వ సిద్ధాంతంపై, సంఘ విశ్వాస ప్రమాణాలపై, మతాధికారుల పెత్తనంపై ఆమె తన ఆధ్యాత్మిక మార్గదర్శకురాలైన సిస్టర్ జెరాల్డీన్‌తో ఏళ్లతరబడి లేఖల ద్వారా వాదించారు. చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుతూ సంస్కృతం బోధిస్తున్న రోజులలో, ఆమె పురుషులకు పాఠం చెప్పడం తగదని భారతదేశంలోని బిషప్పులు అభ్యంతరపెట్టారు. స్వదేశంలో ఒక పురోహిత వర్గపు అధికారాన్ని తోసిపుచ్చినది మరొక పురోహిత వర్గానికి తలవంచడానికి కాదని ఆమె స్పష్టం చేశారు. శాకాహారం విడువలేదు, కట్టుబొట్టులలో స్వదేశీయతను వదులుకోలేదు. క్రీస్తును స్వీకరించడమంటే ఆంగ్లేయుల ఆచారాన్ని స్వీకరించడమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

శారదా సదనం

1886లో ఆనందీబాయి జోషీ వైద్యపట్టా అందుకునే ఉత్సవానికి రమాబాయి ఫిలడెల్ఫియా వెళ్లారు. అమెరికాలో రెండేళ్లకు పైగా పర్యటించి ఉపన్యాసాలిచ్చారు, శిశువిద్యా పద్ధతులు అభ్యసించారు. 1887లో ఉన్నత కులాల హిందూ స్త్రీల స్థితిపై ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం ఆమెకు విశేషఖ్యాతి తెచ్చింది. ఆమె ఆశయానికి అండగా బోస్టన్‌లో రమాబాయి సంఘం ఏర్పడింది.

1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల విద్యకై శారదా సదనం ప్రారంభమైంది. మరుసటి ఏడు అది పుణెకు మారింది. తొలినాటి విద్యార్థినులలో ఒకరైన గోదూబాయి తరువాత సంఘసంస్కర్త ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకున్నారు. సదనంలో మతబోధ చేయరాదన్నది నియమం. అయితే తన గదిలో తాను చేసుకునే ప్రార్థనకు ఆమె తలుపు మూయలేదు. కొందరు బాలికలు ఆ ప్రార్థనలో కూర్చోసాగారు. 1893లో దీనిపై తిలక్ సంపాదకత్వంలోని కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. రానడే, భండార్కర్ వంటి మిత్రులు సలహా సంఘంనుంచి తప్పుకున్నారు. పలువురు తల్లిదండ్రులు తమ పిల్లలను తీసుకుపోయారు. వచ్చినవారు స్వేచ్ఛగా వచ్చారని ఆమె భావించారు. ఇచ్చిన మాట తప్పారని మిత్రులు భావించారు. తోటి సంస్కర్తలతో ఏర్పడిన ఆ ఎడబాటు పూర్తిగా మానలేదు.

ఈ కాలంలోనే ఆమె అంతరంగంలో పెద్ద మార్పు వచ్చింది. బాప్తిస్మం పొందిన ఎనిమిదేళ్ల తరువాత తన జీవితాన్ని పరీక్షించుకోగా, తనకు క్రైస్తవ మతం లభించింది గాని క్రీస్తు లభించలేదని ఆమెకు స్ఫురించింది. బుద్ధితో ఒప్పుకున్న సిద్ధాంతం ఆనాడు హృదయానుభవమైంది. అంతటి విదుషి తన పాండిత్యమే తనకు తెరగా నిలిచిందని గుర్తించడం ఆమె ఆధ్యాత్మిక వికాసంలో కీలకమైన మలుపు.

ముక్తి సదనం

1896–97లో మధ్యపరగణాలలో కరువు తాండవించింది. బాల్యంలో తాననుభవించిన ఆకలి గుర్తుకువచ్చి రమాబాయి అక్కడికి బయలుదేరారు. సుమారు మూడువందలమంది బాలికలను కాపాడి తీసుకువచ్చారు. ప్లేగు కారణంగా పుణెలో ఆంక్షలుండటంతో, నగరానికి అరవై కిలోమీటర్లకు పైగా దూరంలో కేడ్‌గావ్ వద్ద తాను కొన్న భూమిలో వారిని ఉంచారు. అదే ముక్తి సదనం. 1900 నాటి గుజరాత్ కరువు తరువాత అక్కడి జనసంఖ్య రెండువేలకు చేరువైంది. సేద్యం, పాడి, నేత, నూనె గానుగ, అచ్చుపని వంటి వృత్తులన్నీ స్త్రీలే నేర్చి నడిపారు. అంధులకు మనోరమ బ్రెయిలీ లిపి నేర్పారు. 1905లో అక్కడ చెలరేగిన ప్రార్థనా ఉజ్జీవం దేశవిదేశాల క్రైస్తవుల దృష్టిని ఆకర్షించింది. మనోరమ తోడ్పాటుతో నాటి నైజాం రాజ్యంలోని గుల్బర్గాలో, అంటే నేటి కలబురగిలో, ఒక క్రైస్తవ ఉన్నత పాఠశాల వెలిసింది. ఆ విధంగా తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసే సరిహద్దు సీమకు కూడా ఆమె సేవ విస్తరించింది.

జీవిత చరమభాగాన్ని ఆమె బైబిలు అనువాదానికి అంకితం చేశారు. అప్పటి మరాఠీ అనువాదం సంస్కృత పదభూయిష్ఠమై పామర స్త్రీలకు దుర్గ్రాహ్యంగా ఉందని భావించి, హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి మూలంనుంచే సరళమైన మరాఠీలోకి తెచ్చారు. సంస్కృతంతోనే కీర్తి గడించిన పండితురాలు చదువురాని ఆడవారికోసం ఆ సంస్కృతాన్ని పక్కన పెట్టడం గమనించదగినది. ముక్తి సదనపు స్త్రీలే అక్షరాలు కూర్చి ఆ గ్రంథాన్ని ముద్రించారు.

1919లో ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకంతో ఆమెను గౌరవించింది. 1921 జులైలో కుమార్తె మనోరమ నలభయ్యేళ్లకే కన్నుమూయడం ఆమెకు కోలుకోలేని దెబ్బ. తన తరువాత సంస్థను నడుపుతుందనుకున్న బిడ్డను సాగనంపి, రమాబాయి అనువాదపు పనిలో మునిగిపోయారు. 1922 ఏప్రిల్ 5న తుదిశ్వాస విడిచారు. పూర్తి బైబిలు ముద్రణ 1924లో వెలువడింది. 1989లో భారత తపాలా శాఖ ఆమె స్మారకార్థం తపాలా బిళ్ల విడుదల చేసింది. కేడ్‌గావ్ సంస్థ నేటికీ నిరాశ్రయ స్త్రీలకు, పిల్లలకు ఆశ్రయమిస్తోంది.

స్వదేశంలో మతం మారినదానిగా, విదేశంలో లొంగనిదానిగా రమాబాయి ఇరువైపులా నిందలు మోశారు. గ్రంథాలు, గురువులు, సిద్ధాంతాలు, ఉపన్యాసాలు ఇంటింటికీ సులభంగా అందే నేటి కాలంలో విన్నదల్లా జ్ఞానమని నమ్మడం తేలిక. విన్నదానిని విమర్శించడం, విమర్శకు నిలిచినదానిని హృదయంతో స్వీకరించడం, స్వీకరించినదానిని ఆకలిగొన్నవారి సేవలో రుజువు చేయడం కష్టసాధ్యం. తల్లి పాడెను తలపై మోసిన ఆ అమ్మాయి జీవితమంతా నడిచినది ఆ కష్టమైన బాటలోనే.