చిందును గ్రంథానికెక్కించిన సేనాని జాయప



వార్షికోత్సవం దగ్గరపడితే మన హాస్టల్లో మొదలయ్యే తగువు డాన్స్ గురించే. ఏ సినిమా పాటకు వెయ్యాలి, ముందు వరుసలో ఎవరుండాలి అని. నేనూ ఆ తగువుల్లో ఉన్నవాణ్ణే. మా తాత డప్పు కొడుతూ చిందేస్తే ఊరు ఊరంతా నిలబడి చూసేది. అయినా అది మన స్టేజీ మీద వేద్దామని నేనెన్నడూ అనలేదు. సిగ్గేసేది. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీలో పీజీకి చేరాక, నృత్యం మీద రాసిన ఒక పాత గ్రంథం గురించి చదువుతుంటే అందులో చిందు అనే మాట కనబడింది. ఆ గ్రంథం పేరు నృత్తరత్నావళి. రాసినవాడు జాయప సేనాని.

జాయప పుట్టింది కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమను ఏలిన అయ్య వంశంలో. తండ్రి పినచోడి. ఆ కుటుంబం వెలనాటి ప్రభువులకు సామంతులు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దం మొదట్లో తీరాంధ్ర మీదికి దండెత్తి వెలనాటి పృథ్వీశ్వరుణ్ణి ఓడించాడు. ఓడిన పక్షంవాళ్లను ఏం చేస్తారో మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్నదే. ఇక్కడ అలా జరగలేదు. గణపతిదేవుడు పినచోడి కూతుళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తమ్ముడు జాయపను చేరదీసి చదివించాడు. గుండామాత్యుడనే గురువు దగ్గర నాట్యం నేర్పించాడు. ఓడిన ఇంటి పిల్లవాడు గెలిచిన రాజు కొలువులో చదువుకున్నాడన్నమాట. సొంత ఊరు వదిలి వచ్చి చదువుకునే మనకు ఆ పిల్లవాడి మొదటి రోజులు ఎలా ఉండి ఉంటాయో కొంచెం ఊహకందుతుంది.

పెద్దయ్యాక జాయప కాకతీయుల ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. ఆ పదవిని గజసాహిణి అంటారు. 1213లో రాజు ఆయనకు ఇప్పటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలును అప్పగించాడు. 1231లో జాయప దివిసీమలో రాజు పేరు మీద గుడి కట్టించాడు. ఆ ఊరు ఇప్పటికీ గణపేశ్వరమే.

ఏనుగులను నడిపే మనిషి 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళి పూర్తిచేశాడు. మొత్తం ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగింటిలో మార్గం, అంటే భరతుని నాట్యశాస్త్రం చెప్పిన పద్ధతి. అలాంటివి అంతకుముందూ చాలామంది రాశారు. నన్ను కట్టిపడేసింది తర్వాతి నాలుగు అధ్యాయాలు. వాటిలో దేశి నృత్యాలున్నాయి, అంటే ఆయా సీమల జనం ఆడుకునేవి. పేరణి, రాసకం, చర్చరి, గొండలి, కందుకం, కోలాటం, చిందు. గొండలి కథ మరీ బాగుంటుంది. కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు ఒక ఉత్సవంలో భిల్ల స్త్రీ ఆడిన ఆట చూసి ముచ్చటపడితే అది రాజసభకెక్కిందట. అంటే అడవిలో ఆడిన అడుగే తర్వాత శాస్త్రమైంది. మా అమ్మమ్మవాళ్లు బతుకమ్మ అయిపోయాక వేసే కోలాటానికి శ్లోకాల్లో చోటుందని తెలిస్తే ఆమె నమ్మదు, నవ్వుతుంది.

రామప్ప గుడి శిల్పాలు జాయప గ్రంథం చూసి చెక్కినవని చాలామంది చెబుతుంటారు. లెక్క చూస్తే అది కుదరదు. రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించింది 1213లో, గ్రంథం వచ్చింది నలభై ఏళ్ల తర్వాత. శిల్పులు, జాయప ఇద్దరూ చూసింది ఒకే జనాన్ని, ఒకే ఆటలను అనుకోవడమే సబబని నాకనిపిస్తుంది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. గ్రంథం మాత్రం తాళపత్రాల్లో బతికింది. మద్రాసులో వి. రాఘవన్ గారు పరిష్కరించగా 1965లో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు దాన్ని తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ గారు అందులోని పేరణి భాగాన్ని, రామప్ప శిల్పాలను పక్కపక్కన పెట్టుకొని ఏళ్ల తరబడి శ్రమించి పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి ముందే దాన్ని ఆడించారు. ఇవాళ స్టేజీ మీద గజ్జెలు ఘల్లుమనిపించే పేరిణి కళాకారులంతా ఆ ఏనుగుల అధిపతికి రుణపడ్డవాళ్లే.

ఒక్క విషయంలో మాత్రం జాయప మీద నాకు అలక ఉంది. అడుగు ఎలా వెయ్యాలో రాశాడు, చెయ్యి ఎలా తిప్పాలో రాశాడు. చిందు వేసినవాళ్ల పేర్లు లేవు. ఎవరి కాళ్లు చూసి ఆయన రాసుకున్నాడో వాళ్లు చదవలేని భాషలో రాశాడు. ఆ కాలం అలాంటిదని సర్దుకోవచ్చు గానీ, నాకు పూర్తిగా సర్దుకోబుద్ధి కాలేదు.

మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు ఒక రూళ్ల నోటుపుస్తకం పట్టుకెళ్లాను. ఉద్యోగం సంగతి చూసుకోక ఇదేం పని అని నాయనమ్మ కేకలేసింది. తాత మాత్రం డప్పును మంటకు కాచుకుంటూ ఒక్కో దెబ్బ పేరు, దానికి పడే అడుగు చెప్పాడు. మధ్యమధ్యలో లేచి వేసి చూపించాడు, మోకాళ్ల నొప్పికి మళ్లీ కూర్చున్నాడు. పదకొండు దాకా రాసుకున్నాను. ఇంకా ఉన్నాయట, ఉగాదికి రమ్మన్నాడు. నోటుపుస్తకం మొదటి పేజీలో ఆయన పేరు, ఆయనకు నేర్పిన వాళ్ల నాన్న పేరు రాశాను.