ఫిడేలు నాయుడుగారి సాధన

ఆంధ్రదేశమున ఫిడేలు నాయుడుగారనిన నెరుగని సంగీతాభిమాని యుండడు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందమగుటచే బడిచదువున కాటంకము కలిగెను. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు వారికి ఫిడేలు పాఠములు చెప్పిరి.

వీణకు మెట్లు గలవు. స్వరస్థానము కంటికి గోచరించును. ఫిడేలునకు మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి తొలగినను అపస్వరము పలుకును. ఆ వాద్యమునకు చెవియే కన్ను. చూపు తక్కువైన బాలునకు ఆ కన్నే తెరచుకొనెను.

1919వ సంవత్సరమున విజయనగర మహారాజావారి సంగీతకళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. నాయుడుగారు ఇరువదియాఱవ యేటనే అందు ఫిడేలు ఆచార్యులైరి. 1936లో అధ్యక్షపదవి నలంకరించిరి.

పదవి లభించినపిమ్మట అభ్యాసము సడలించువారు పెక్కురు. నాయుడుగారికి సాధన తపస్సు. ఎడతెగని అభ్యాసముతోపాటు మంచి సంగీతమును శ్రద్ధగా వినుటయు సాధనలో భాగమేయని వారి మతము. పాశ్చాత్య విద్వాంసుల కమాను పోకడలను, వ్రేళ్ల మెలకువలను గ్రహించి, రాగభావమునకు లోపము రానీయక మన సంగీతమున నిమిడ్చిరి.

ఫిడేలు నాటికి ప్రధానముగా పక్కవాద్యము. గాయకుని వెంబడించువానికి గాయకుని నీడ గలదు. ఒంటరిగా కచేరి చేయువానికి ఆ నీడ లేదు. ప్రతిస్వరమును సభ పరీక్షించును. అట్టి పరీక్షకు నాయుడుగారు 1938లో వేలూరున నిలిచి, ఫిడేలును ప్రధానవాద్యముగా వినిపించిరి. ఆ ధైర్యము ముందునాటి రాత్రి చేసిన కసరత్తువలన వచ్చినది కాదు; ఏండ్లతరబడి చేసిన సాధనయొక్క ఫలము.

వారికి 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయు లభించెను. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన దివంగతులైరి.

వాద్య మభ్యసించు బాలబాలికలు వారి జీవితమునుండి గ్రహింపదగిన దొకటి గలదు. సభ దగ్గరపడినపుడు గంటలకొలది వాయించుట సాధన కాదు. ప్రతిదినము శ్రుతి చేర్చుకొని, విళంబకాలమున ప్రతిస్వరమును తన చెవితో తానే పరీక్షించుకొని, తప్పు దొరలినచోట నాగి, దానిని దిద్దుకొనినపిమ్మటనే వేగము పెంచవలెను. ఇంట తన చెవికి లోబడి వాయించినవాడు సభలో పదిమంది చెవులకు వెరవ నక్కరలేదు.