శిష్యానుశాసనము – సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము

దుర్వినీతుడైన శిష్యుని దిద్దుటకు దండనమే శరణ్యమని తలచువారు నేటికిని కలరు. విష్ణుశర్మ అట్లు తలపలేదు. చదువనిన ముఖము త్రిప్పుకొను మువ్వురు రాజకుమారులను ఆయన ఆరు మాసములలో కథలచేతనే నీతివిదులను జేసెనని పంచతంత్ర కథాముఖము తెల్పుచున్నది. ఈ మార్గమునకు పాలమూరు సీమనుండి చెప్పదగిన ఉదాహరణము సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము.

వారు 1896 మే 28వ తేదీన జన్మించిరి. స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. తొలుత చండశాసనుడైన ఉపాధ్యాయుని చేతిలో పడుటచే బాలునకు చదువనిన తలనొప్పి యయ్యెను, చదువనని మొరాయించెను. ఇట్టివానిని లోకము మొండివాడనును. దోషము బాలునిదా, బోధనపద్ధతిదా యని విచారించువారు అరుదు. పినతండ్రి రామకృష్ణారెడ్డిగారు కర్నూలులో తమకడ నుంచుకొని చదివించిరి. అచట వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని ప్రతాపరెడ్డిగారు సంస్కృతకావ్యములు పఠించిరి. బాలుడు ఆ బాలుడే, మారినది గురువు. అటుపిమ్మట నిజాం కళాశాలలోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, న్యాయశాస్త్రపట్టము నందిరి. మద్రాసున వేదము వేంకటరాయశాస్త్రిగారి శిష్యులైరి.

వనపర్తి సంస్థాన ప్రాంతమున పుట్టి హైదరాబాదు కొత్వాలైన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. 1924 ప్రాంతమున దాని నిర్వహణభారము ప్రతాపరెడ్డిగారిపై బడెను. పల్లెలు విడిచి, తల్లిదండ్రులకు దూరమై నగరమున నివసించు యువకులున్న చోట క్రమభంగము సహజము. వారచట వేలాది గ్రంథములు సేకరించి గ్రంథాలయమును పెంపొందించిరి. వ్యాయామమును, క్రీడలను ప్రోత్సహించిరి. మాతృభాషాభిమానమును, జాతీయభావమును నూరిపోసిరి. దేహమునకు శ్రమయు, మనస్సునకు పఠనమును, హృదయమునకు ఒక లక్ష్యమును చేకూరినపుడు అల్లరికి అవకాశము తగ్గును. బెత్తము కంటబడునంతవరకే భయము పనిచేయును. అభిరుచి గురువు లేనిచోటను కాపాడును.

తప్పును నిర్మాణకార్యముచే సరిదిద్దుట వారి స్వభావము. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరను అధిక్షేపము వినబడగా, కేవల వాగ్వాదమునకు దిగక 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆక్షేపము అంతటితో నిలువ నీడ లేనిదయ్యెను.

1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు వారు అధ్యక్షత వహించిరి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న దివంగతులైరి. 1955లో ఆ గ్రంథమునకు తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము మరణానంతరము లభించెను.

చదువనని మొరాయించిన బాలుని ఆనాడే పనికిరానివానిగా విడిచియుండినచో ఈ గ్రంథములేవియు వెలువడియుండవు. తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి నిత్యము విసిగించు విద్యార్థిని గూర్చి తీర్పు చెప్పుటకు పూర్వము, వానిని చదువునకు విముఖుని జేసిన దేమియని అధ్యాపకుడు విచారించుట యుక్తము.