చైతన్య రథం ఎక్కిన ఎన్.టి.రామారావు

పోయిన నెల హాస్టల్ లీడర్ ఎన్నికల్లో నేను ఓడిపోయిన. రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఆదివారం చూడడానికి వచ్చిన మా నాయన ఒక పెద్దాయన సంగతి చెప్పిండు. అదే రాస్తున్నాను.

నందమూరి తారక రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టారు. 1949లో మనదేశం చిత్రంతో సినిమాల్లోకి వచ్చారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. మరి ఊరూరా తిరగాలంటే బండి కావాలి కదా! విదేశాల్లో కార్ల పందేలకు పోయేవాళ్ళు పాత బస్సులను మార్చి, వాటిలో రేసు కార్లు ఎక్కించుకుని పోయేవాళ్ళు. ఈయన కూడా అట్లనే ఒక పాత చెవ్రొలెట్ వ్యానును మార్పించారు. పైన నిలబడి మాట్లాడే చోటు, మైకులు పెట్టించారు. కొడుకు హరికృష్ణ నడిపేవారు. దాని పేరే చైతన్య రథం. అందులోనే తిరిగారు, అందులోనే పడుకున్నారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు.

అంతటి మనిషి 1989లో మన కల్వకుర్తిలో ఓడిపోయారు! అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. ఆయన ముఖ్యమంత్రి పదవి కూడా పోయింది. కానీ హిందూపురంలో గెలిచి, ప్రతిపక్షంలో కూర్చున్నారు. మళ్ళీ జనంలో తిరిగి, 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాదే ఆ పదవీ పోయింది. 1996 జనవరి 18న కన్నుమూశారు.

రథం ఎంత పెద్దదైనా ఓటు జనం చేతిలోనే ఉంటదని నాకు అర్థమైంది. నిన్న మన కొత్త లీడరుతో కలిసి నీళ్ళ ట్యాంకు కడిగిన. వచ్చే ఏడు మళ్ళీ నిలబడతా!

- తొమ్మిదో తరగతి విద్యార్థి