చేతులు కడుక్కోమన్న డాక్టరు

మన మెస్ పక్కన కుళాయిల దగ్గర మూడు పూటలా ఎంత తోపులాట జరుగుతుందో మీకు తెలుసు. గంట కొట్టగానే కంచం పట్టుకొని పరుగు. చేతులు కడుక్కోవడం అంటే వేళ్ళ కొనలు తడుపుకోవడమే. ఇతరుల సంగతి ఎందుకు, నేనూ అంతే. (నిజం రాసినందుకు వార్డెన్ గారు కోప్పడరని నా నమ్మకం.) కానీ చేతులు శుభ్రంగా కడుక్కోండి అని తోటి డాక్టర్లకు చెప్పినందుకు ఒక మనిషి జీవితమంతా పోట్లాడవలసి వచ్చింది. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. పేరు పలకడం కష్టమే. రెండు మూడుసార్లు పైకి చదవండి, అదే వస్తుంది.

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న బుడా అనే పట్టణంలో పుట్టాడు. అది డాన్యూబ్ నది ఒడ్డున ఉంది. అవతలి ఒడ్డున పెస్ట్ పట్టణం. 1873లో ఆ రెండు ఊళ్ళూ కలిసి బుడాపెస్ట్ అయ్యాయి. ఇప్పుడు అదే హంగరీ దేశానికి రాజధాని. తండ్రిది కిరాణా వ్యాపారం. ఇంటినిండా పిల్లలు. ఇంట్లో మాట్లాడేది ఆ ప్రాంతపు జర్మన్ యాస. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది. 1837లో లా చదవడానికి వియన్నా నగరానికి వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి లా వదిలేసి వైద్యంలో చేరాడు. 1844లో డాక్టరు అయ్యాడు. తాను కోరుకున్న విభాగంలో చోటు దొరకలేదు. అందుకని కాన్పుల విభాగానికి వచ్చాడు. 1846 జులైలో వియన్నా జనరల్ ఆస్పత్రిలో కాన్పుల వార్డుకు అసిస్టెంటు డాక్టరు అయ్యాడు. ప్రొఫెసర్ క్లైన్ ఆయన పై అధికారి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ ఆస్పత్రికి కాన్పుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేద ఆడవాళ్ళు. డబ్బు తీసుకోరు. బదులుగా స్టూడెంట్లు వాళ్ళను పరీక్షించి పని నేర్చుకుంటారు. వార్డులు రెండు ఉండేవి. మొదటి వార్డులో డాక్టరు చదువు చదివే అబ్బాయిలు, రెండో వార్డులో మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్ళు. ఒకరోజు వచ్చినవాళ్ళను మొదటి దాంట్లో చేర్చుకుంటే మరునాడు వచ్చినవాళ్ళను రెండో దాంట్లో చేర్చుకునేవారు. అంటే ఎవరు ఏ వార్డుకు పోతారన్నది వచ్చిన రోజును బట్టి ఉంటుంది. అంతే.

ఆ రోజుల్లో బాలింత జ్వరం అని ఒక జబ్బు ఉండేది. కాన్పు బాగానే అవుతుంది. రెండు మూడు రోజులకు చలిజ్వరం, పొట్ట ఉబ్బడం, భరించలేని నొప్పి, తరువాత చావు. చాలాసార్లు పసిబిడ్డ కూడా దక్కదు. 1846లో మొదటి వార్డులో 4,010 కాన్పులు జరిగితే 459 మంది తల్లులు చనిపోయారు. రెండో వార్డులో 3,754 కాన్పులకు 105 మంది. మన లెక్కల మాష్టారు నేర్పిన పద్ధతిలో శాతాలు కట్టి చూశాను. మొదటిది 11.4, రెండోది 2.8. ఒకే ఆస్పత్రి, ఒకే ఊరి ఆడవాళ్ళు, ఒకే తిండి. డాక్టర్లు ఉన్నచోట చావులు నాలుగు రెట్లు!

ఈ లెక్కలు కాగితం మీద చూడకపోయినా వియన్నా పేదింటి ఆడవాళ్ళకు సంగతి తెలుసు. మొదటి వార్డు రోజున వచ్చామని తెలిస్తే మోకాళ్ళ మీద పడి, మమ్మల్ని అక్కడ చేర్చకండి అని బతిమాలేవారట. కొందరైతే ఆస్పత్రికి వచ్చే దారిలో వీధిలోనే కాన్పు అయ్యేటట్టు చూసుకొని, బిడ్డతో సహా వచ్చి చేరేవారు. విచిత్రం ఏమిటంటే వీధిలో కన్నవాళ్ళకు ఈ జ్వరం చాలా తక్కువగా వచ్చేది. వీధి కంటే ఆస్పత్రి ప్రమాదమా? సెమ్మెల్‌వైస్‌కు ఈ ప్రశ్న నిద్ర పట్టనివ్వలేదు.

పెద్ద డాక్టర్లు రకరకాల కారణాలు చెప్పేవారు. గాలి చెడ్డదన్నారు. రెండు వార్డులకూ గాలి ఒకటే కదా! జనం కిక్కిరిసి ఉన్నారన్నారు. లెక్క చూస్తే మంత్రసానుల వార్డులోనే రద్దీ ఎక్కువ. చావు భయంతోనే చస్తున్నారన్నారు కొందరు. చనిపోయేవాళ్ళ దగ్గరికి పాస్టరు గంట మోగించుకుంటూ మొదటి వార్డు గుండా పోయేవాడు. గంట ఆపించి, వేరే దారిలో రమ్మన్నాడు సెమ్మెల్‌వైస్. చావులు తగ్గలేదు. రెండో వార్డులో పక్కకు తిరిగి పడుకొని కంటారు, మొదటి దాంట్లో వెల్లకిలా పడుకొని కంటారు. సరే అని ఇక్కడా పక్కకే పడుకోబెట్టాడు. అయినా ఫలితం లేదు. విదేశాల నుంచి వచ్చిన స్టూడెంట్లు మొరటుగా పరీక్ష చేస్తున్నారని ఒక కమిటీ తేల్చింది. వాళ్ళ సంఖ్య తగ్గించారు. కొన్నాళ్ళు చావులు తగ్గి మళ్ళీ పెరిగాయి. ఒక్కొక్క కారణాన్నీ ఇలా పరీక్షకు పెట్టి కొట్టేస్తూ పోవడం నాకు చాలా నచ్చింది. మన సైన్సు పుస్తకంలో ప్రయోగం అని ఉంటుందే, ఇది అదే. కాకపోతే ఇక్కడ పరీక్షనాళిక లేదు, మనుషులు ఉన్నారు.

1847 మార్చిలో ఆయన కొన్నిరోజులు సెలవు మీద వెనిస్ వెళ్ళి వచ్చాడు. రాగానే చెడ్డ వార్త. స్నేహితుడు కొల్లెచ్కా చనిపోయాడు. ఆయన శవపరీక్షలు నేర్పే ప్రొఫెసరు. పోస్టుమార్టం చేస్తుండగా ఒక స్టూడెంటు చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. చిన్న గాయం. కానీ జ్వరం వచ్చి, ఒళ్ళంతా విషమెక్కి మనిషి పోయాడు. ఆయన శవపరీక్ష కాగితం సెమ్మెల్‌వైస్ చదివాడు. చదువుతూ ఉంటే గుండె ఆగినంత పనయింది. అందులో రాసిన గుర్తులన్నీ బాలింత జ్వరంతో పోయిన తల్లుల్లో చూసినవే. కొల్లెచ్కా మగవాడు. ఆయనకు కాన్పు ఎక్కడిది? అంటే శవం నుంచి కత్తి మీదుగా ఆయన ఒంట్లోకి ఏదో వెళ్ళింది. మరి ఆ తల్లుల ఒంట్లోకి ఎలా వెళ్ళింది?

చేతుల ద్వారా. మొదటి వార్డు డాక్టర్లూ స్టూడెంట్లూ పొద్దున శవాలు కోసి, ఆ చేతులతోనే వచ్చి గర్భిణీలను లోపల పరీక్ష చేసేవారు. సబ్బుతో కడిగినా చేతులకు శవం వాసన అంటుకునే ఉండేది. మంత్రసానులు శవాల జోలికి పోరు. అందుకే వాళ్ళ వార్డులో చావులు తక్కువ. (మా ఊళ్ళో నాకు పురుడు పోసింది మంత్రసాని అవ్వే. అందుకని ఈ ముక్క దగ్గర నాకు కొంచెం గర్వంగా అనిపించింది.)

ఇక్కడ ఆయన గొప్పతనం చూడండి. తప్పు ఎవరిదో తెలిసింది. ఆ తప్పు చేసినవాళ్ళలో తానే ముందున్నాడు. జబ్బు కారణం కనిపెట్టాలనే పట్టుదలతో అందరికంటే ఎక్కువ శవాలు కోసింది ఆయనే. అంటే ఆయన ఎంత శ్రద్ధగా పనిచేస్తే అంతమంది తల్లులు పోయారన్నమాట. నా వల్ల ఎందరు పోయారో దేవుడికే తెలియాలి అనే అర్థం వచ్చేలా తరువాత తన పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. దాచిపెట్టి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

1847 మే నెల మధ్యలో వార్డు గుమ్మం దగ్గర క్లోరిన్ నీళ్ళ గిన్నె పెట్టించాడు. దానిలో చేతులు రుద్ది కడుక్కోకుండా ఎవరూ లోపలికి రాకూడదు. తరువాత ఖర్చు తగ్గుతుందని క్లోరినేటెడ్ లైమ్ వాడాడు. అదేమిటో అనుకోకండి, మన వాటర్ ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడరే. శవం వాసనను పోగొట్టేది అదే కాబట్టి దాన్ని ఎంచుకున్నాడు. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ సరిగా తెలియదు. చర్మం మండుతోందని స్టూడెంట్లు సణిగారు. ఆయన వినలేదు.

ఏప్రిల్‌లో 312 కాన్పులకు 57 మంది పోయారు. జూన్‌లో 268 కాన్పులకు 6 మంది. జులైలో 250కి ముగ్గురు. 1848లో ఏడాది మొత్తం మీద 3,556 కాన్పులకు 45 మంది. మార్చి, ఆగస్టు నెలల్లో అయితే ఒక్కరు కూడా చనిపోలేదు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. 1847 అక్టోబరులో మొదటి మంచం మీద గర్భసంచి క్యాన్సరుతో చీము కారుతున్న ఒకామె ఉంది. డాక్టర్లు ముందు ఆమెను చూసి, సబ్బుతో మాత్రమే కడుక్కొని మిగతావాళ్ళను చూశారు. ఆ వరుసలో కాన్పు అయిన 12 మందిలో 11 మంది పోయారు. అంటే విషం శవం నుంచే కాదు, బతికున్న రోగి నుంచి కూడా వస్తుంది. అప్పటినుంచి ఒక్కొక్క రోగిని చూసిన తరువాత క్లోరిన్‌తో కడగాలని రూలు పెట్టాడు.

ఇంత కళ్ళముందు కనబడుతుంటే అందరూ ఒప్పుకోవాలి కదా? ఒప్పుకోలేదు. పెద్దింటి డాక్టరు చెయ్యి మురికిది, ఆ చెయ్యే మనుషులను చంపింది అంటే ఎవరికి రుచిస్తుంది? పైగా ఒకే కారణంతో ఇంత జబ్బు రాదని వాళ్ళ చదువు. స్కోడా, హెబ్రా, రొకిటాన్‌స్కీ అనే ముగ్గురు పేరున్న డాక్టర్లు మాత్రం ఆయన పక్షాన నిలబడ్డారు. ఆయన బదులు హెబ్రాయే పత్రికలో రాశాడు. కానీ సెమ్మెల్‌వైస్ కలం పట్టలేదు. రాయడమంటే తనకు పుట్టుకతోనే పడదని ఆయనే చెప్పుకున్నాడు. ఇంట్లో ఒక యాస, పెద్ద ఊళ్ళో చదువుకున్నవాళ్ళది ఇంకో భాష. నోరు విప్పితే నవ్వుతారేమో అనే జంకు ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. ఆయనకూ అలాంటి జంకే ఉండి ఉంటుందని నాకనిపిస్తుంది. అయినా రాయవలసింది. ఆ పద్నాలుగేళ్ళ ఆలస్యంలో వేరే ఊళ్ళలో ఎందరు తల్లులు పోయారో!

1849 మార్చిలో ఆయన ఉద్యోగం గడువు ముగిసింది. క్లైన్ పొడిగించలేదు. 1850లో డాక్టర్ల సంఘంలో ఎట్టకేలకు ప్రసంగాలు చేశాడు. తరువాత పాఠం చెప్పే పోస్టు ఇచ్చారు గానీ, శవాలు కాదు, బొమ్మలు పెట్టుకొని మాత్రమే చెప్పాలని షరతు. అవమానం భరించలేక అయిదు రోజుల్లో వియన్నా వదిలేశాడు. తన కోసం పోట్లాడిన స్నేహితులకు కూడా చెప్పలేదు. ఇది మాత్రం తప్పే అంటాను నేను.

పెస్ట్‌లో సెయింట్ రోకస్ ఆస్పత్రిలో జీతం లేకుండా పనిచేశాడు. 1851 నుంచి 1855 వరకు అక్కడ 933 కాన్పుల్లో 8 మంది మాత్రమే ఆ జ్వరంతో పోయారు. 1855లో పెస్ట్ యూనివర్సిటీలో ప్రొఫెసరు అయ్యాడు. అక్కడ మళ్ళీ చావులు మొదలైతే వెతికి వెతికి దుప్పట్ల దగ్గర పట్టుకున్నాడు. సరిగా ఉతకని దుప్పట్లే మళ్ళీ పరుస్తున్నారు. వాటి కోసం ఆఫీసువాళ్ళతో గొడవపడ్డాడు. 1857లో మరియాను పెళ్ళి చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు పుట్టారు, ఇద్దరు పసితనంలోనే పోయారు.

1861లో పుస్తకం బయటికి వచ్చింది. అంకెలు నిండిన లావు పుస్తకం. చాలామంది చదవలేదు, చదివినవాళ్ళలో కొందరు వెటకారం చేశారు. అప్పుడు ఆయన కోపం కట్టలు తెంచుకుంది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు పేరుపేరునా బహిరంగ లేఖలు రాసి, మీరు హంతకులు అనే అర్థంలో తిట్టాడు. కోపం న్యాయమైనదే. కానీ తిట్టు తిన్నవాడు అంకెలు చూడడు కదా.

1865 నాటికి మనసు చెదిరింది. జులై ఆఖరులో, కొత్త ఆస్పత్రి చూపిస్తామని నమ్మించి ఆయనను వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చారు. తీసుకుపోయింది ఎవరో కాదు, పాత స్నేహితుడు హెబ్రాయే. పారిపోబోతే కాపలావాళ్ళు కట్టేసి కొట్టారు. చేతి మీద గాయం కుళ్ళి, విషం రక్తంలోకి ఎక్కింది. రెండు వారాలకు, ఆగస్టు 13న, 47 ఏళ్ళ వయసులో చనిపోయాడు. కొల్లెచ్కాను చంపినదీ, ఆ తల్లులను చంపినదీ, ఆయనను చంపినదీ ఒకటే. అంత్యక్రియలకు పట్టుమని పదిమంది ఆత్మీయులు లేరు. తరువాత మరియా తన ఇంటిపేరునూ పిల్లల ఇంటిపేరునూ మార్చేసుకుంది.

ఆయన పోవడానికి సరిగ్గా ఒకరోజు ముందు, 1865 ఆగస్టు 12న, స్కాట్లాండులోని గ్లాస్గోలో లిస్టర్ అనే డాక్టరు దగ్గరికి ఒక పదకొండేళ్ళ అబ్బాయిని తెచ్చారు. బండి చక్రం ఎక్కి కాలు విరిగి, ఎముక బయటికి వచ్చింది. లిస్టర్ ఆ గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చేసి కట్టు కట్టాడు. చీము పట్టలేదు, కాలు దక్కింది. లిస్టర్‌కు అప్పటికి సెమ్మెల్‌వైస్ ఎవరో తెలియదు. 1879లో పారిస్‌లో ఒక సభలో బాలింత జ్వరం గురించి ఎవరో ప్రసంగిస్తుంటే లూయీ పాశ్చర్ లేచి, ఆ జబ్బు చేసే సూక్ష్మజీవి ఇలా ఉంటుందని గొలుసు లాంటి బొమ్మ నల్లబల్ల మీద గీసి చూపించాడు. సెమ్మెల్‌వైస్ వాసన పట్టి పసిగట్టింది దాన్నే.

బుడాపెస్ట్‌లోని వైద్య విశ్వవిద్యాలయానికి 1969లో ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు వైద్య చరిత్ర మ్యూజియం. వియన్నాలో పాతిపెట్టిన ఆయన ఎముకలు చివరికి ఆ ఇంటికే చేరాయి.