బలసాధకుడు అల్లూరి సీతారామరాజు

స్వాతంత్ర్యమునకై ప్రాణము లర్పించిన ఆంధ్రవీరులలో అల్లూరి సీతారామరాజు అగ్రగణ్యుడు. విల్లమ్ములు ధరించి, తుపాకులకు వెఱవక, తెల్లదొరల సేనల నెదిరించిన యోధుడుగా అతనిని ఎల్లరు నెఱుగుదురు. కాని ఆయుధము పట్టుటకు ముందే అతడు మన్యమున మఱియొక పోరాటమును సాగించెను. అది మద్యపానముపై సాగిన పోరాటము. మనుష్యుని దేహబలమును, చేతిలోని కూలిడబ్బును, ఇంటి శాంతిని హరించు త్రాగుడును గిరిజనులచే మాన్పించుటకు అతడు పూనుకొనెను.

రాజు పూర్వులది భీమవరమునకు సమీపమున గల మోగల్లు గ్రామము. అతడు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన, విశాఖపట్టణము జిల్లాలోని పాండ్రంగి గ్రామమున, మాతామహుల యింట జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. తండ్రి రాజమహేంద్రవరమున ఛాయాచిత్రములు తీయుచు కుటుంబమును పోషించుచుండెను. 1908లో ఆయన కలరా సోకి మరణించెను. అప్పుడు పినతండ్రి రామకృష్ణంరాజు ఆ కుటుంబమునకు అండగా నిలిచెను.

1909లో ఆ కుటుంబము భీమవరము దగ్గరి కొవ్వాడ గ్రామమున కాపుర ముండెను. రాజు భీమవరములోని మిషను ఉన్నత పాఠశాలలో చేరి, ప్రతిదినము కొవ్వాడనుండి నడచి పోయి వచ్చుచుండెను. ఆ యేడు అతడు పరీక్ష తప్పెను. కాని ఆ దినములలోనే నరసాపురము సమీపమున గల చించినాడలో గుఱ్ఱపుస్వారి నేర్చుకొనెను. తరువాత రాజమహేంద్రవరము, రామచంద్రపురము, కాకినాడ, విశాఖపట్టణము, నరసాపురము - ఇట్లు ఊరు మారినపుడెల్ల బడియు మారుచు వచ్చెను. చదువు నిలకడగా సాగకపోయినను, నడకచేతను స్వారిచేతను శరీరము కష్టమున కలవాటు పడెను.

1916లో అతడు ఉత్తర హిందూస్థానమునకు పోయి పుణ్యక్షేత్రములను దర్శించెను. 1917లో మన్యపు టంచున నున్న కృష్ణదేవిపేటకు చేరుకొని, అచ్చట తపస్సు చేయుచు సన్న్యాసివలె జీవింపసాగెను. వైద్యమును జ్యోతిషమును తెలిసినవా డగుటచే గిరిజనులు అతనిని భక్తితో ఆశ్రయించిరి.

ఆ కాలమున మన్యవాసుల బ్రదుకు దుర్భరముగా నుండెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వారి పోడు వ్యవసాయమున కడ్డు వచ్చెను. కొండలలో రోడ్లు వేయుటకు అధికారులు వారిచే నామమాత్రపు కూలికి చాకిరి చేయించుచుండిరి. పగలెల్ల రాళ్లు మోసి అలసినవారికి సాయంకాలము కల్లు, సారాయి క్షణకాలపు హాయి నిచ్చుచుండెను.

కల్లు మన్యమునకు క్రొత్తది కాదు. జీలుగ చెట్టు కల్లు గీచుకొని త్రాగుట కొండవారికి తరతరముల ఆచారము. తిండిగింజలు కొరవడిన దినములలో అదియే వారి కడుపు నింపుచుండెను. ఆ కల్లుపై పన్ను విధించుట 1879లో రంప ప్రాంతమున చెలరేగిన తిరుగుబాటునకు ఒక ముఖ్యకారణము. తాతలు ఏ కల్లుకొఱకు తిరుగబడిరో, ఆ కల్లునే విడువుమని మనుమలకు చెప్పవలసి వచ్చుటచే రాజు పూనిన కార్యము మిక్కిలి కఠినమైనది. అయితే కాలము మారియుండెను. ఆబ్కారీ చట్టములు వచ్చిన పిదప మద్యము ప్రభుత్వమునకు ఆదాయమార్గ మయ్యెను. త్రాగువాని సొమ్ములో కొంత, వానిని పీడించు ప్రభుత్వపు ఖజానాకే చేరుచుండెను.

1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణోద్యమమును ప్రారంభించెను. అందలి రెండు విషయములను రాజు మన్యమునకు కొనిపోయెను. త్రాగుడు మానవలె ననునది మొదటిది. తగవులను కోర్టులకు గాక గ్రామపంచాయతీలలో తీర్చుకొనవలె ననునది రెండవది. ఖద్దరు ధరించి, గూడెము గూడెమునకు తిరిగి అతడు వీనిని బోధించెను. తాను నియమముతో జీవించుచు చెప్పిన మాట గనుక అది జనుల హృదయములకు నాటెను. పెక్కుమంది త్రాగుడు విడిచిరి.

త్రాగుడు దేహబలమును ఎట్లు హరించునో నేటి శాస్త్రము వివరించుచున్నది. బరువులు మోసినపుడును, వ్యాయామము చేసినపుడును కండరములలోని సన్నని పోగులు కొంత దెబ్బతినును. వానిని బాగుచేసి, మునుపటికంటె గట్టిగా నిర్మించు పని తరువాతి విశ్రాంతి సమయమున జరుగును. పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు మున్నగు వానిలోని మాంసకృత్తులు ఆ నిర్మాణమునకు సామగ్రి. మద్యము ఈ పనికి అడ్డు తగులును. 2014లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 8 మంది పురుషులచే కఠిన వ్యాయామము చేయించి పరీక్షించిరి. వ్యాయామానంతరము మాంసకృత్తులు మాత్రమే తీసికొన్నప్పటి కంటె, వానితోపాటు అధికముగా మద్యము త్రాగినపుడు క్రొత్త కండరపదార్థము తయారగుట 24 శాతము తగ్గెను. మాంసకృత్తులకు మారుగా పిండిపదార్థములతో మద్యము పుచ్చుకొన్నపుడు 37 శాతము తగ్గెను. అంతియే కాదు, మద్యము ఒంటిలోని నీటిని పోగొట్టును, నిద్రను చెఱచును. ఏండ్లతరబడి మితిమీరి త్రాగువారి కండరములు క్షీణించిపోవును. త్రాగినపుడు తోచు హుషారు బలము కాదు.

ఈ లెక్కలు రాజు కాలమున ఎవ్వరు నెఱుగరు. అయినను పగటి కష్టమునకు ఫలముగా రావలసిన బలము రాత్రి కల్లుకుండలో కరగిపోవుట చూచువారికి తెలియకపోదు.

అధికారుల దౌర్జన్యము మితిమీరుటతో రాజు సాయుధ పోరాటమునకు దిగెను. గాము గంటముదొర, గాము మల్లుదొర మున్నగు వీరులు అతనికి తోడైరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి - ఇట్లు వరుసగా మూడు దినములలో మూడు పోలీసుఠాణాలను ముట్టడించి ఆయుధములను చేజిక్కించుకొనిరి. కొండలెక్కి, వాగులు దాటి, దట్టమైన అడవులలో అంత వేగముగా నడచుటకు ఎంత దేహదార్ఢ్యము కావలెనో ఊహింపదగును. ఆ విజయములకు మద్యత్యాగ మొక్కటియే కారణమని చెప్పరాదు. అడవిదారుల పరిచయము, జనుల అండ, నాయకునిపై నమ్మకము అన్నియు తోడ్పడెను. కాని మత్తులో మునిగిన జనసమూహము అట్టి కట్టుబాటుతో నడచుట దుర్లభము.

ప్రభుత్వము మలబారు పోలీసు దళములను, అస్సాము రైఫిల్సును రప్పించెను. సుమారు 20 నెలల పోరాటము పిమ్మట రాజు పట్టుబడెను. 1924 మే 7న కొయ్యూరు వద్ద అతనిని విచారణ లేకయే కాల్చి చంపిరి. అప్పటికి అతనికి 27 ఏండ్లయినను నిండలేదు. అతని సమాధి కృష్ణదేవిపేటలో కలదు.

2022లో మన్యప్రాంతమున నొక జిల్లాకు అతని పేరు పెట్టబడెను. ఆ యేడు జూలై 4న భీమవరమున 30 అడుగుల కంచు విగ్రహము ఆవిష్కరింపబడెను. బాలుడుగా కొవ్వాడనుండి బడికి నడచి వచ్చిన పట్టణమే అతని నిట్లు గౌరవించుకొనెను. శరీరమును చెఱచు అలవాటును విడుచుట, దేహశ్రమచే బలము కూర్చుకొనుట, ఆ బలమును పరుల మేలునకై వినియోగించుట - ఈ మూడును అతని జీవితమునుండి యువకులు నేర్వదగిన పాఠములు.