టాటాగారి కదురు

జంషెట్జీ టాటాగారి పేరు చెప్పినంతనే మనకు ఉక్కు కర్మాగారము స్ఫురించును. కాని పారిశ్రామికులు వారి చరిత్రమున ముందుగా నేర్వదగినది ఒక నూలు కదురు వృత్తాంతమని మా తలంపు.

జంషెట్జీగారు 1839 మార్చి 3 న నవసారియందు పార్సీ పురోహిత వంశమున జన్మించిరి. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో విద్య ముగించి తండ్రిగారి వర్తకమున ప్రవేశించిరి. లాంకషైరు మిల్లుల పద్ధతులను స్వయముగా పరిశీలించి వచ్చి, ప్రత్తి పండు సీమకు చేరువగా నాగపురమున 1877 జనవరి 1 న ఎంప్రెస్ మిల్లును ప్రారంభించిరి. మొదట చౌకగా కొన్న యంత్రములు నాసి సరకునే ఇచ్చినవి. వారు వెనుదీయక మేలైన యంత్రములను తెప్పించిరి.

ఆ కాలమున లాంకషైరున మ్యూల్ కదుళ్లదే రాజ్యము. మ్యూలు కొంత పోగును సాగదీసి పురి పెట్టి, పిదప ఆగి దానిని చుట్టును. అమెరికాలో పుట్టిన రింగు కదురు పురి పెట్టుటయు చుట్టుటయు ఎడతెగక ఒక్కసారే చేయును. పాత యంత్రములందు మూలధనము పెట్టి, వానిని నడపుటలో ఆరితేరిన పనివారు గల లాంకషైరు క్రొత్తదానిని త్వరగా చేపట్టలేదు. టాటాగారు 1883 ప్రాంతమున రెండు రింగు యంత్రములను తెప్పించి తమ మిల్లులోనే పరీక్షింపించిరి. ఫలితము రుజువైన పిదపనే పాతవానిని క్రమముగా మార్పించిరి. ముందు పరీక్ష, పిదప పెట్టుబడి: ఇదియే వారి మార్గము.

పనివారి క్షేమము లేక యంత్రము ఫలింపదని కూడ వారెఱుగుదురు. 1886 లో పింఛను నిధిని, 1895 లో ప్రమాదములకు పరిహారమును ఏర్పఱచిరి.

ఒక మిల్లునకు ఉపకరించిన పరీక్ష దేశమునకేల ఉపకరింపరాదు? 1898 లో విజ్ఞాన పరిశోధనాలయము కొఱకు తమ ఆస్తిలో సగము సమర్పింప సంకల్పించిరి. ప్రభుత్వము సంశయములతో కాలము గడపెను. 1904 మే 19 న జర్మనీలో వారు దివంగతులైరి. మైసూరు ప్రభువులు భూమినొసంగగా 1909 లో బెంగుళూరున ఆ సంస్థ వెలసెను. ఉక్కు కంపెనీయు వారి యనంతరము 1907 లోనే ఏర్పడెను.

2020-21 లో మన దేశము పరిశోధనకు వెచ్చించినది జాతీయోత్పత్తిలో నూటికి 0.64 మాత్రమే, అందును పరిశ్రమాధిపతుల భాగము సగమునకు తక్కువ. పరాయివారు పరీక్షించిన యంత్రమును కొనువారికి, వారు దానిని విడనాడిన నాటికి అది అందును. అట్టి కర్మాగారమున పనివాడు ఎంత శ్రమించినను, వాని చేతి ఫలము పెఱవాని ఫలమును మించజాలదు. అయితే పద్దులో వ్రాసిన వ్యయము మాత్రమే చాలదు. పరిశోధన కదురు చెంతకు రావలెను.

మిల్లుల వాటాలు కొన్న మన భూస్వాములును పురప్రముఖులును ఏటేట లాభాంశమును గూర్చి ప్రశ్నించుచున్నారు. పరీక్షల కెంత కేటాయించితిరి, దానివలన ఉత్పత్తి ఎంత పెరిగినదని కూడ ఇకమీదట ప్రశ్నింతురుగాక! టాటాగారికి అదియే తగిన స్మారకమని మేము విశ్వసించుచున్నాము.